గోడ మీద పెద్దాయన

రాజస్థాన్‌లోని షెఖావాటీలో ఇసుకగాలి ఎవరి మాటా వినదు. ఆ గాలితో పోట్లాడుతూనే సేఠ్ గారి హవేలీని దాని కాపలా మనిషి మోహరీ ఇన్నాళ్లూ కాపాడుకొచ్చింది. కలకత్తాలో జనపనార మిల్లులు పెట్టి దండిగా గడించిన పెద్ద సేఠ్ కట్టించిన ఇల్లది. వారసులు కలకత్తాలోనే స్థిరపడ్డారు. మోహరీ మాత్రం పావురాలను తోలుతూ, మేడ మీది ఇసుక ఎత్తిపోస్తూ, బొమ్మల గోడలకు తడి సోకనివ్వకుండా అక్కడే ఉండిపోయింది. ఆ ఇల్లంటే ఆమెకు ప్రాణం.

దీపావళి ముందర సేఠ్ గారి మనవడి భార్య రుక్మాబాయి వస్తానని కబురంపింది. ఇల్లు పద్ధతిగా ఉంటే మోహరీ చేతిలోనే ఉంచుతారట. లేదంటే హోటలు వాళ్లకు అమ్మేస్తారట.

సరిగ్గా ఆమె వచ్చే పొద్దునే ముందుగదిలో అడుగుపెట్టిన మోహరీకి గుండె గుభేలుమంది. గోడ మీది బొమ్మలో రైలెక్కి కూర్చున్న పెద్ద సేఠ్ లేడు. ఆయన ఉండాల్సిన చోట తెల్లగా సున్నం!

"సర్జూ! ఎవరే ఈ పని చేసింది?"

కొత్త కోడలు తల దించుకుంది. "నేనే అత్తయ్యా, నిన్న. ఇంటి పెద్దాయన, బొమ్మైనా సరే ఆయనెదుట ముసుగు తీయొద్దన్నారుగా. ముసుగేసుకుని ఊడుస్తుంటే ఆ దుమ్ములో ఊపిరాడి చావట్లేదు. పండక్కి ఎలాగూ సున్నం కలిపాం కదా అని..."

"నా కొంప ముంచావు కదే! అంతలేసి మీసాలాయన్ని ఎలా మింగేశావే?"

అంతలోనే రుక్మాబాయి కారు దిగింది. మోహరీ ఏదీ దాచలేదు. ఉన్నదంతా చెప్పేసి, "పిల్లనేమీ అనకండి అమ్మగారూ, ఆ నియమం పెట్టింది నేనే" అంది.

రుక్మాబాయి గోడను చూసింది, సర్జూను చూసింది, పకపకా నవ్వింది.

"నేను కాపురానికొచ్చినప్పుడు మా అత్తగారూ ఇదే చెప్పింది. ఈ ముసలాయన ముందు ముసుగులోనే అన్నం తినేదాన్ని. నాకీ తెలివి అప్పుడు ఏడవలేదు!"

రాయితో రుద్ది మెరుగుపెట్టిన గోడ కావడంతో కొత్త సున్నం దాన్ని సరిగ్గా పట్టుకోలేదు. ముగ్గురూ కూర్చుని గోళ్లతో మెల్లగా గీరితే పొలుసులుగా లేచొచ్చింది. ముందు మీసాలు బయటపడ్డాయి. వెంటనే సర్జూ చెయ్యి ముసుగు మీదికి పోయింది.

"ఆగవే పిల్లా" అంటూ రుక్మాబాయి తన శాలువా తీసి, పైనున్న కొక్కేలకు తగిలించి బొమ్మ మీద జారవిడిచింది. "ఇలా ఉంటే ఎండకు రంగు వెలిసిపోదు. ఇక మీద ముసుగు ఈయన వేసుకుంటాడు. మోహరీ, ఇల్లు అమ్మేది లేదు. తాళాలు మీ దగ్గరే ఉండనివ్వండి."

మోహరీకి కళ్లు చెమర్చాయి. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ గదిలో ఎన్నడూ తీయని తన ముసుగును నెమ్మదిగా వెనక్కి తోసుకుని, తాను ఇన్నేళ్లూ కాపాడిన గదిని మొదటిసారి కళ్లారా చూసింది.