మూడో వద్దు

విహారయాత్ర ఓడ ఎక్కిన మొదటి పూటే ఆర్డిస్ ట్వీటెన్ ఆకలితో పడుకుంది. భోజనాల హాలు చూడబోతే కుబేరుడింట్లో పెళ్లిలా ఉంది. రొయ్యలు గుట్టలుగా పోశారు. ఓ మూల చాక్లెట్ ధారగా కారుతోంది. ఆమె మాత్రం ఎండు బ్రెడ్డు ముక్క నమిలి లేచింది. తప్పు ఆమెదీ కాదు, వెయిటరుదీ కాదు. అతను వంగి కేకు తెమ్మంటారా అని అడిగాడు. ఈమె "అబ్బే, వద్దు బాబూ" అంది. అతను సరేనమ్మా అని వెళ్లిపోయాడు. అలా ఎలా వెళ్లిపోతాడండీ మనిషన్నవాడు? తిరిగొచ్చి మళ్లీ అడుగుతాడేమోనని ఆమె బల్లలు తుడిచేదాకా ఎదురుచూసింది.

అమెరికాకు ఉత్తరాన మా మిన్నెసోటాలో, మరీ ముఖ్యంగా మా ఊరు ఎల్క్ బెండ్‌లో, ఇదెక్కడా జరగదు. ఎవరింటికైనా వెళితే కాఫీ తాగమంటారు. మొదటిసారి వద్దనాలి, అది మర్యాద. రెండోసారి మీకెందుకు శ్రమ అనాలి, అది మొహమాటం. మూడోసారి అడిగాక "సరే, సగం కప్పు చాలు" అని నిండు కప్పు పుచ్చుకోవాలి. మూడోసారి కూడా వద్దన్నారంటే నిజంగా వద్దనే, ఇక బతిమాలకూడదు. ఇది మాకు ఉగ్గుపాలతో పెట్టిన విద్య.

ఆర్డిస్ పెళ్లి కూడా ఈ లెక్కనే జరిగింది. వెర్లిన్ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాడు. చేసుకుందామా అని మొదట, బంతి దొర్లించి కర్రలు పడగొట్టే బౌలింగ్ ఆటచోట అడిగాడు. వద్దంది. గడ్డకట్టిన చెరువు మీద గాలాలేసుకుని కూర్చున్నప్పుడు మళ్లీ అడిగాడు. నీకెందుకంత శ్రమ అంది. మూడోసారి చర్చి కింది గదిలో, కాఫీ కూజా పక్కన నిలబడి అడిగాడు. "సరేలే, నువ్వింతగా అడుగుతుంటే" అంది. అంతకన్నా పెద్ద ప్రేమమాట ఆమె దగ్గర లేదు, ఆ సంగతి వెర్లిన్‌కు తెలుసు. ఆ రాత్రి సంతోషం పట్టలేక బండి తోలుకుంటూ పోయి పక్క జిల్లా రోడ్ల మీది మంచు కూడా తోసేసి వచ్చాడట. పాపం, మహానుభావుడు, నాలుగేళ్ల కిందట పోయాడు.

బతుకంతా ఆమె మా ఊరి బడిలో పిల్లలకు వండిపెట్టింది. ఊళ్లో ఆమె చేతి కూడు తినని మనిషి లేడు. వడ్డించే మనిషికి అడిగి తినడం ఎక్కడ వస్తుంది?

ఇక ఈ ఓడ సంగతి. కొడుకు లైల్ న్యూజెర్సీ పిల్ల కార్మెలాను చేసుకుని అక్కడే స్థిరపడ్డాడు. అయినా ఏటా క్రిస్మస్‌కు పిల్లాజెల్లాతో ఎల్క్ బెండ్ వచ్చేవాడు. పండగ ముందు రోజు ఇల్లంతా పిండి కొట్టుకుపోయేది. ఉడికించిన బంగాళదుంపలు మెదిపి, పల్చగా ఒత్తి, బండంత పెనం మీద లెఫ్సా రొట్టెలు కాల్చేవాళ్లు. ఆర్డిస్ ఒత్తడం, లైల్ పొడుగాటి చెక్క కర్రతో తిప్పడం, వెన్నా చక్కెరా రాసుకుని పొయ్యి దగ్గరే నిలబడి తినడం. ఆమెకు ఏడాదంతా ఒక ఎత్తు, ఆ ఒక్క రోజూ ఒక ఎత్తు.

మొన్న ఆకులు రాలే కాలంలో లైల్ ఫోన్ చేశాడు. ఈసారి అందరం ఓడ మీద వెళ్దాం, నువ్వూ వండీ వండీ అలిసిపోయావు, ఇంట్లో పండగ లేదని బాధపడవు కదా అన్నాడు. అబ్బే, బాధేముంది అంది ఈవిడ. అని, ఫోను చెవికి ఆనించుకుని, రెండోసారి అడుగుతాడని ఊపిరి బిగపట్టింది. లైల్ "హమ్మయ్య" అని పెట్టేశాడు. న్యూజెర్సీ నీళ్లు తాగీ తాగీ కన్నకొడుకే లెక్క మరిచాడు, ఇంకెవర్ని అని ఏం లాభం!

అలా పండగ చేజారింది. పెట్టె సర్దుకునేటప్పుడు మనసొప్పక లెఫ్సా కర్ర కూడా అడుగున పెట్టుకుంది. పెనమూ లేదు, పొయ్యీ లేదు, నడిసముద్రంలో ఆ కర్రతో ఏం తిప్పుతుందో ఆమెకే తెలియాలి.

మర్నాడు కార్మెలా ఆ కర్ర చూసి, ఇది లైల్‌ను కొట్టడానికా అని అడిగింది. ఊరికే తెచ్చానంది ఆర్డిస్. ఆ పిల్ల మనసులో మాట దాచుకునే రకం కాదు. అత్త మొహం పీక్కుపోయి ఉండటం చూసి గుచ్చిగుచ్చి అడిగింది. ఆర్డిస్ సిగ్గుపడుతూ మూడుసార్ల సంగతి చెప్పింది. కార్మెలా మంచం మీద పడి నవ్వింది.

"ఇక్కడ ఎవరికీ అంత తీరిక లేదు ఆర్డిస్. ఎవరేమడిగినా ముందు సరే అనేయండి. లేదంటే కేకుల మధ్య కూర్చుని ఆకలితో చస్తారు."

ఆర్డిస్ అద్దం ముందు నిలబడి సరే, సరే అని సాధన చేసింది. ఆ మధ్యాహ్నం, అంటే పండగ ముందు రోజు, ఈతకొలను దగ్గర బ్యాండు చెవులు పగిలేలా వాయిస్తోంది. తలకు దుప్పి కొమ్ములు కట్టుకున్న ఒక పిల్ల మైకు పట్టుకొచ్చి ఏదో అడిగింది. కేకే అనుకుని ఆర్డిస్ "సరే!" అని గట్టిగా అంది. జనం చప్పట్లు కొట్టారు. కేకుకు చప్పట్లేమిటి అనుకునేలోపే ఆమె కొలను గట్టున, పీపాల్లాంటి మగవాళ్ల వరుసలో నిలబడి ఉంది. కొలనులో బొక్కబోర్లా పడి ఎవరు ఎక్కువ నీళ్లు చిమ్ముతారో చూసే పోటీ అది.

నోరు విప్పి కాదని చెప్పొచ్చు కదా? చెప్పదు. సరేనన్నాక వెనక్కి తగ్గితే ఆ కొమ్ముల పిల్ల నొచ్చుకోదూ! మంచుబొమ్మలల్లిన స్వెట్టరు విప్పకుండానే, కళ్లజోడు వెనకాయనకు ఇచ్చి, ఏమనుకోకండని అందరికీ చెప్పి, దభీమని పడింది. స్వెట్టరు మహిమో ఏమో, నీళ్లు లేచి బ్యాండువాళ్ల డోలు దాకా పోయాయి. మొదటి బహుమతి ఆమెదే. మెళ్లో ప్లాస్టిక్ పతకం వేశారు.

లైల్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అమ్మకు ఓడ ఇంత నచ్చుతుందనుకోలేదన్నాడు. తడి స్వెట్టరుతోనే ఆమెను లాక్కెళ్లి, వచ్చే ఏటి ప్రయాణాలు రాసుకునే బల్ల ముందు నిలబెట్టాడు. ఆర్డిస్‌కు సంగతి అర్థమైంది. ఈ ఒక్క మాట దాటిపోతే ఇక ఏటా ఇంతే, ఆ పెనం మళ్లీ పొయ్యెక్కదు.

"అమ్మా, వచ్చే క్రిస్మస్ కూడా ఓడ మీదే, సరేనా?"

నాలుక చివరిదాకా వచ్చిన సరేను ఆమె మింగేసింది. "వద్దు" అంది.

బల్ల వెనకాయన కలం కింద పెట్టబోయాడు. లైల్ ఆపాడు. పెళ్లాం పొద్దునే మూడుసార్ల సంగతి గుర్తుచేసి తలంటింది మరి. ఇది మొదటిదేనండీ, మా అమ్మ సంగతి నాకు తెలుసని కన్నుకొట్టాడు.

"నీకోసమేనే అమ్మా."

"నాకొద్దురా."

"రెండు" అన్నాడు లైల్ బల్లాయనతో. కలం తనే అందుకున్నాడు. "చివరిసారి అడుగుతున్నా. వచ్చే ఏడు ఓడ వద్దా?"

"వద్దు."

లైల్ మొహంలో నవ్వు పోయింది. పుట్టి బుద్ధెరిగాక తల్లి నోట మూడో వద్దు అతను అంతకుముందు ఒక్కసారే విన్నాడు, చిన్నప్పుడు ముళ్లపందిని పక్కలో పడుకోబెట్టుకుంటానని అడిగినప్పుడు. కలం మెల్లగా బల్ల మీద పెట్టాడు. మరి పండగెక్కడ అని అడిగాడు.

"మనింట్లో" అంది ఆర్డిస్. స్వెట్టరులోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. "నాకు బెంగగా ఉందిరా. మీరందరూ వచ్చి ఇల్లంతా పిండిమయం చేస్తే గానీ నాకు పండగలా ఉండదు. రండి."

లైల్ కళ్లు చెమర్చాయి. కానీ రక్తం ఎక్కడికి పోతుంది? "ఎందుకులే అమ్మా, నీకు శ్రమ" అన్నాడు.

"శ్రమేముందిరా, రండి."

"అబ్బే, ఇంతమందిమి..."

బల్లాయన తల అటూ ఇటూ తిప్పుతూ చూస్తున్నాడు. మూడోసారి పిలవడానికి ఆర్డిస్ నోరు తెరిచింది. ఈలోగా వెనకనుంచి కార్మెలా భర్తను పక్కకు నెట్టి ముందుకొచ్చింది.

"వస్తున్నాం. నన్ను ఒక్కసారి పిలిస్తే చాలు. ఆ కర్ర మాత్రం ఈసారి నా చేతికివ్వాలి."

ఈ పిల్లకు మర్యాద తెలీదని ఆర్డిస్ ఇన్నేళ్లూ లోలోపల అనుకుంటూనే ఉంది. మా వైపు ఒకర్ని కౌగిలించుకోవాలన్నా మూడుసార్లు అడగాలి. ఆమె ఒక్కసారి కూడా అడక్కుండా, తడి స్వెట్టరుతో, పతకంతో సహా కోడల్ని వాటేసుకుంది.