గేటు పక్కన చెప్పుల వరస

దొడ్డలింగయ్య మనుషులను లెక్కపెట్టేవాడు కాదు. చెప్పులను చూసేవాడు.

పొద్దున పనికి వచ్చినవాళ్ళు గేటు లోపల రేకుల పంచలో తమ చెప్పులు విడిచి, కంపెనీ ఇచ్చిన బూట్లు తొడుక్కుని పైకి వెళ్ళేవారు. సాయంత్రం బూట్లు వదిలి, మళ్ళీ ఆ చెప్పులే వేసుకుని ఇళ్ళకు పోయేవారు. ఆ వేళకు ఆయన పంచ పక్కన ఒక సిమెంటు దిమ్మ మీద కూర్చుని, వరస మెల్లమెల్లగా పలచబడటం చూసేవాడు. ఆఖరి జత కదిలాక లేచి, నేలను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుని, సైకిలెక్కి నజరాబాదులోని ఇంటికి పోయేవాడు. జోరువానలో కూడా ఆ దిమ్మ మీద గొడుగు వేసుకుని కూర్చోవడం నేను చూశాను.

మా కంపెనీ మైసూరు రింగురోడ్డు పక్కన ఓ పెద్ద ఆసుపత్రి భవనం కడుతున్న రోజులవి. నేను అక్కడ స్టోరు చూసేవాణ్ణి. సామాను రాని వేళల్లో పుస్తకం చదువుకుంటూ కూర్చునేవాణ్ణి. ధైర్యాన్ని గురించి పుస్తకాల్లో చాలా చదివాను. కళ్ళారా చూసింది మాత్రం ఆ ఆవరణలోనే.

దొడ్డలింగయ్య ఒకప్పుడు దసరా కుస్తీల్లో పేరు మోసిన పైల్వాను. పట్లు పట్టీ పట్టీ చెవులు నలిగి, ఎండిన అంజూరపు పళ్ళలా ముడుచుకుపోయి ఉండేవి. ఒళ్ళు సడలినా నడక సడలలేదు. ఆయన నడిచి వస్తుంటే ఏదో బరువైనది నిదానంగా జరిగి వస్తున్నట్టుండేది. గోదా మానేశాక మా కంపెనీలో కావలివాడిగా చేరాడు. అంతకుముందు కట్టిన భవనం దగ్గర, ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయినా ఒక జత చెప్పులు మిగిలిపోయాయి. వాటి మనిషి మధ్యాహ్నం పైనుంచి పడ్డాడు. ఆ హడావిడిలో చెప్పుల సంగతి ఎవరికీ గుర్తు లేదు. లింగయ్యే వాటిని గుడ్డలో చుట్టుకుని వరుణ దగ్గరి పల్లెకు తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆ ఇల్లాలు వాటిని అందుకుని, తిరగేసి చూసి, "నిన్ననే కుట్టించుకున్నాడే" అందట.

మర్నాడు ఆయన యజమాని ముందు నిలబడి, "ఇన్నాళ్ళూ ఇనుముకీ సిమెంటుకీ కాపలా ఉన్నానయ్యా. ఇక మనుషులకి ఉంటాను" అన్నాడు. అలా ఆయన మా కంపెనీకి సేఫ్టీ మనిషి అయ్యాడు. బెంగళూరులో కొన్నాళ్ళు శిక్షణకు పంపారు. ఆకుపచ్చ హెల్మెట్టు పెట్టుకుని తిరిగొచ్చాడు.

పొద్దున్నే అందరినీ నిలబెట్టి బస్కీలు తీయించేవాడు. సున్నం సిమెంటు తిన్న అరచేతులకు కొబ్బరినూనె రాయించేవాడు. ఎండ ముదిరితే మజ్జిగ కుండ దగ్గర తనే నిలబడి, తాగనివాణ్ణి కదలనిచ్చేవాడు కాదు.

"మా అత్త కూడా ఇంత సతాయించలేదన్నా నన్ను" అనేది ఇటుకలు మోసే కెంపమ్మ.

"మీ అత్తకి నేను గోదాలో శిష్యుణ్ణి. తాగు" అనేవాడు.

అన్నిటికీ లొంగారుగానీ, బెల్టుల దగ్గర మాత్రం జనం మొండికేశారు. నడుముకీ, భుజాలకీ, రెండు తొడలకీ పట్టీలున్న బెల్టులవి. వీపు మీద తాడు, తాడు చివర కొక్కెం. ఎత్తున అంచు మీద పని చేసేవాడు ఆ కొక్కేన్ని గట్టి ఆధారానికి తగిలించుకోవాలి. ఒరుసుకుంటుందనీ, అడ్డమొస్తుందనీ, పిరికివాళ్ళ పని అనీ వాటిని విసిరేసేవారు. అన్నాలవేళ చుట్టచుట్టి కింద వేసుకుని కూర్చునేవారు. సెంట్రింగు పనిచేసే సిద్దరాజు ఒకసారి బెల్టుతో మేకను కట్టేశాడు.

ఆయుధపూజ దగ్గర పడింది. లింగయ్య నా దగ్గరికొచ్చి, "స్టోరయ్యా, ఈ ఏడు బెల్టులన్నీ పూజలో పెడదాం" అన్నాడు.

"బెల్టులు ఆయుధాలేమిటయ్యా?"

"పూజ చేసినదాన్ని ఎవడూ తన్నడు, ఎవడూ కింద వేసుకుని కూచోడు. నాకు అదే చాలు."

పూజ ఘనంగా జరిగింది. తాపీలు, మట్టపు పలకలు, గునపాలు వరసగా పేర్చారు. కాంక్రీటు మిక్సరుకి అరటి పిలకలు కట్టారు. మధ్యలో బెల్టులు పరిచి, కుంకుమ పెట్టి, చామంతి దండలు వేశారు. పెద్ద మేస్త్రి రాచప్ప హారతి ఇచ్చాడు. బూడిదగుమ్మడికాయ పగిలింది, బొరుగులూ బెల్లమూ పంచారు. నిన్నటిదాకా మట్టిలో దొర్లిన ఆ పట్టీలకు సిద్దరాజు కూడా వంగి దండం పెడుతుంటే, లింగయ్య ముఖంలో వెలుగు చూడాలి.

పండగ వెళ్ళి అందరూ పనిలోకి వచ్చారు. పై అంతస్తు అంచు పలకలు బిగించాల్సిన రోజు అది. బెల్టులు స్టోరులో మేకులకు, ఎండిన దండలతో సహా, ఎంతో భక్తిగా వేలాడుతున్నాయి. ఒక్కడూ తీసుకోలేదు.

"ఏం మేస్త్రీ, తీసుకోరేం?" అన్నాడు లింగయ్య.

రాచప్ప దవడలో ఆకు ఒక పక్కకు తోసుకున్నాడు. "పూజ చేయించింది నువ్వే కదా వస్తాదూ. కుంకుమ పెట్టిన వస్తువుని తొడల సందులోంచి ఎలా లాగమంటావు? దేవుడి దండ నడుం కింద కట్టుకుంటామా?"

"పైవి కట్టుకుంటాం మామా, కింది పట్టీలు వదిలేస్తాం. అప్పుడు తప్పేం లేదు" అన్నాడు సిద్దరాజు. వాడి మాటలో వెటకారం లేదు. అందుకే అది మరీ భయపెట్టింది.

కాళ్ళ పట్టీలు లేకుండా పడినవాడు బెల్టులోంచి కిందికి జారిపోతాడు. ఆ సంగతి లింగయ్య ఎన్నో పొద్దుల్లో చెప్పాడు. మళ్ళీ చెప్పాడు. వాళ్ళు విన్నారు, నమ్మారు కూడా. చేతులు మాత్రం మేకుల దాకా వెళ్ళలేదు.

ఇంజనీరు బోపయ్య వచ్చి తల పట్టుకున్నాడు. కుంకుమ కడిగేద్దామంటే జనం గోలపెట్టారు. కొత్తవి బెంగళూరు నుంచి రావాలంటే వారం పడుతుంది.

"కొత్తవైనా వచ్చే దసరాకి ఇదే గొడవ సార్" అన్నాడు లింగయ్య. "నేనే ముడి వేశాను, నేనే విప్పాలి. అంతవరకూ పైకి ఎవరినీ పంపకండి."

"యజమానికి ఏం చెప్పను?"

"లింగయ్య మెట్లకి అడ్డంగా కూర్చున్నాడని చెప్పండి."

నిజంగానే కూర్చున్నాడు. ఆ ఒళ్ళు మెట్ల మీద కూర్చుంటే పక్కనుంచి పిల్లి కూడా దూరదు. బోపయ్య ఆయన్ను కాసేపు చూసి, పని ఆపమని తనే చెప్పి, ఫోను చేయడానికి వెళ్ళాడు. జనం నీడల్లో చేరి గొణుక్కున్నారు. లింగయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని గేటు వైపు చూస్తూ ఉండిపోయాడు. అక్కడ చెప్పులన్నీ వరసగా ఉన్నాయి. ఆయన ఏ చెప్పులను తలుచుకుంటున్నాడో నాకు తెలుసు.

కాసేపటికి ఏదో తట్టినట్టు లేచాడు. బోపయ్యను పిలిచి మెట్ల దగ్గర నిలబెట్టి సైకిలెక్కాడు. తిరిగొచ్చేసరికి అన్నాలవేళ అయింది. చేతిలో చిన్న గుడ్డమూట.

అందరినీ పిలిచి మూట విప్పాడు. లోపల వెలిసిపోయిన ఎర్రటి లంగోటా. కుట్ల దగ్గర ఇంకా గోదా మట్టి ఉంది. అంచున సిందూరపు మరక.

"ఇది ఎక్కణ్ణుంచి తెచ్చానో తెలుసా? మేం కుస్తీ నేర్చుకున్న గరిడీలో ఆంజనేయుడి పాదాల దగ్గరనుంచి. నేను ఆట మానేసిన రోజు అక్కడ పెట్టాను."

ఆంజనేయుడి పేరు వినగానే కొందరు చెంపలు వేసుకున్నారు.

"దండం పెట్టుకున్నారా? మంచిది. ఇప్పుడు చెప్పండి. దసరా కుస్తీకి దిగేముందు దీన్ని స్వామి పాదాలకు తాకించి, కళ్ళకద్దుకుని, ఎక్కడ కట్టేవాణ్ణి? నెత్తికా?"

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత ఆవరణంతా నవ్వు.

"పైల్వానన్నా, మేం ఆడవాళ్ళం అటు తిరగాలా ఏమిటి?" అంది కెంపమ్మ.

"అక్కర్లేదు తల్లీ, ఇప్పుడు కట్టను. కట్టినా పట్టదు."

నవ్వు తగ్గేదాకా ఆగాడు. గొంతు మారింది. "మా వస్తాదు లంగోటా మాకు చేతికిచ్చేవాడు కాదు, స్వామి పాదాల దగ్గర పెట్టేవాడు. అక్కణ్ణుంచి తీసుకోమనేవాడు. తొడల మధ్య కట్టేదే అయినా అది మాకు అపవిత్రం కాలేదు. అది బిగించాకే మా ఒళ్ళు పవిత్రమయ్యేది. ఆ ముడి ఉన్నంతసేపూ స్వామి నన్ను పట్టుకున్నాడని లెక్క. మేస్త్రీ, నువ్వు పూజ చేసిన పట్టీ నీ కాలిని పట్టుకుంటే, మైలపడేది ఆయనా, బాగుపడేది నువ్వా?"

రాచప్ప మేకులకు వేలాడే బెల్టుల వైపు చూశాడు.

లింగయ్య స్టోరులోకి వెళ్ళి ఒక బెల్టు తీశాడు. కళ్ళకద్దుకున్నాడు. గోదాలో చేసినట్టు వంగి నేల తాకాడు. ఒక్కో పట్టీ నిదానంగా, పెళ్ళికొడుకు ముస్తాబవుతున్నట్టు, భుజాలకూ నడుముకూ తొడలకూ బిగించుకున్నాడు. సామాను ఎత్తే ఇనుప దూలం తక్కువ ఎత్తులో ఉంది. ఒక బల్ల ఎక్కి కొక్కెం దూలానికి తగిలించి, "బల్ల లాగెయ్" అన్నాడు.

సిద్దరాజు తటపటాయించాడు. "మామా, నీ బరువుకి..."

"నా బరువు ఆగితే నీది ఆగదా? లాగు."

బల్ల పోయింది. అంత పెద్ద ఒళ్ళు ఒక్కసారి జర్రున దిగి, ఆగింది. పాదాలకూ నేలకూ మధ్య గాలి. ఆయన చేతులు దేన్నీ పట్టుకోలేదు. రెండూ జోడించి ఉన్నాయి. గుడి గంటలా మెల్లగా ఇటూ అటూ ఊగాడు. దూలం కిర్రుకిర్రుమంది. జీవితమంతా మనుషులను నేలకు పడగొట్టిన దేహం, ఇప్పుడు ఎవరూ నేలపడకూడదని అలా వేలాడుతోంది. నా చేతులు నాకు తెలియకుండానే జోడించుకున్నాయి.

ఆయన్ను దింపాక మొదట కదిలింది రాచప్పే. ఆకు ఉమ్మేసి, నోరు పుక్కిలించుకుని, మేకు మీది బెల్టును కళ్ళకద్దుకుని, తొడల పట్టీలు బిగించుకున్నాడు. మిగతావాళ్ళు అతని వెనక వరస కట్టారు. ఆ రోజునుంచి అది మా దగ్గర ఆచారమైపోయింది. బెల్టు తీయడం, కళ్ళకద్దుకోవడం, నేల తాకడం, కట్టుకోవడం.

కార్తీకంలో ఒక మబ్బుపట్టిన మధ్యాహ్నం. జల్లు పడి ఆగింది. నేను లారీ దిగే సిమెంటు చూస్తున్నాను. పైన ఫెళ్ళుమంది. తలెత్తాను. పై అంతస్తు అంచునుంచి ఒక పలక తిరుగుతూ పడుతోంది. దాని వెనకే ఒక మనిషి.

మనిషి పడటం అంతకుముందూ చూశాను. ఆగటం ఎప్పుడూ చూడలేదు. పలక వచ్చి కంకర మీద ముక్కలైంది. మనిషి రాలేదు. ఆకాశంలో, బూడిదరంగు మబ్బు ముందు, ఒక తాడు చివర, సిద్దరాజు. చాముండి కొండ అతని భుజం పక్కన కనిపిస్తోంది. భూమి తన వైపు లాక్కున్న ప్రాణాన్ని, అరచేతి వెడల్పు కూడా లేని ఒక పట్టీ పోనివ్వలేదు.

కెంపమ్మ నెత్తి మీది ఇటుకలు అలాగే ఉన్నాయి. లింగయ్య కేకే మొదటిది.

"సిద్దా! కాళ్ళాడించు! బస్కీలు తీసినట్టు ఆడించరా, ఆపకు!"

ఎక్కువసేపు వేలాడితే పట్టీలు బిగిసి కాళ్ళలో నెత్తురు ఆగిపోతుందని ఆయన మాకు నేర్పాడు. పైన ఆ బూట్లు కదిలాయి. అప్పుడు తెలిసింది, మనిషి ప్రాణంతో ఉన్నాడని. లింగయ్య అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. లింగయ్య ముందే సాధన చేయించినట్టే రాచప్ప వాళ్ళు రెండో తాడు దింపారు. ఆ నలిగిన చెవుల ముసలి పైల్వాను అంచున మోకాళ్ళ మీద కూర్చుని, తనూ కొక్కెం తగిలించుకుని, రెండు చేతులతో సిద్దరాజును బెల్టు పట్టుకుని పైకి లాగాడు.

ఆసుపత్రి బండి వాణ్ణి తీసుకెళ్ళాక జనం ఆ బెల్టు చుట్టూ మూగారు. ఎక్కణ్ణుంచో మల్లెదండ వచ్చింది. "దీన్ని గేటు దగ్గర అద్దాల పెట్టెలో పెట్టి దీపం పెడదాం వస్తాదూ" అన్నాడు రాచప్ప. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

లింగయ్య దండ వేయనిచ్చాడు. దండం పెట్టాడు. తరవాత కత్తి తెమ్మన్నాడు.

"అయ్యో, ప్రాణం కాపాడినదాన్ని కోస్తావా!"

"ఒకసారి మనిషిని ఆపినది లోపల తెగి ఉంటుంది మేస్త్రీ, పైకి కనపడదు. ఉంచితే ఎవడో ఒకడు భక్తితో దీన్నే కట్టుకుంటాడు. వినాయకుణ్ణి ఎంత పూజ చేసినా నీళ్ళలో కలిపెయ్యమూ? దీని పని అయిపోయింది."

ఒక్కో పట్టీ ముక్కలు చేశాడు. ప్రతి ముక్కనూ కళ్ళకద్దుకుని, పక్కన తవ్వించిన గోతిలో వేశాడు.

సాయంత్రం చెప్పుల వరస ఖాళీ అయింది. ఒక జత మిగిలింది. లింగయ్య దిమ్మ మీద కూర్చున్నాడు. సిద్దరాజు బాగానే ఉన్నాడని, అయినా రాత్రికి అక్కడే ఉంచుతారని బోపయ్య ఫోనులో విని చెప్పాడు. లింగయ్య లేవలేదు. నేను స్టోరుకు తాళం వేసి, వెళ్ళలేక, పక్కనే నిలబడ్డాను. ఆయన చూపు ఆ చెప్పుల మీదే ఉంది. వాటి ఎడమదానికి పక్కన కొత్త కుట్టు ఉంది.

దీపాలు వెలిగే వేళకు గేటు ముందు ఆటో ఆగింది. సిద్దరాజు దిగాడు. ఆసుపత్రిలో బూట్లు విప్పేశారట, వట్టికాళ్ళతో ఉన్నాడు. తొడల మీద వాతలు, అందుకే కాళ్ళు ఎడంగా వేసి నడుస్తున్నాడు.

"రాత్రంతా ఉండమన్నారు కదరా?" అన్నాడు లింగయ్య.

"డాక్టరు పొమ్మన్నాడు మామా. అయినా చెప్పులు ఇక్కడ పెట్టుకుని నేనెలా పడుకోను? నువ్వు ఇంటికి పోవని తెలుసు కదా."

చెప్పులు తొడుక్కున్నాడు. వంగి ఆ పెద్ద పాదాలను తాకబోయాడు. లింగయ్య అతని భుజం పట్టి ఆపి, నేల చూపించాడు. ఇద్దరూ కలిసి వంగి నేలను తాకారు.

పంచలో వరస ఖాళీగా ఉంది. లింగయ్య సైకిలు స్టాండు తీశాడు.