నలభై ఐదేళ్లకు నమలడం నేర్చుకున్నాను

"ఈ పల్లీలు నోట్లో వేసుకోండమ్మా. ఇరవైసార్లు నమలండి. మింగొద్దు, ఈ గిన్నెలో ఉమ్మేయండి" అంది డాక్టరమ్మ. వయసులో నాకంటే బాగా చిన్నది.

లెక్కపెట్టి మరీ ఇరవైసార్లు నమిలి ఉమ్మేశాను. ఆమె గిన్నెను లైటు కింద పెట్టి చూసి, నాకూ చూపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. సగం పల్లీలు బద్దలు బద్దలుగా అలాగే ఉన్నాయి. రెండైతే పొట్టు కూడా ఊడలేదు.

అంతకుముందే ఈసీజీకి ఛాతీ మీద అతికించే బిళ్లల్లాంటివి నా చెంపల మీదా కణతల మీదా అతికించింది. దూది చుట్ట పళ్ల మధ్య పెట్టి, ఉన్న బలమంతా పెట్టి కొరకమంది. నేను కొరుకుతూనే ఉన్నాను, కంప్యూటర్ తెర మీద గీతలు మాత్రం బద్ధకంగా కాస్త లేచి పడిపోయాయి. "మీ దవడ కండరాలు బలహీనంగా ఉన్నాయమ్మా. తొందరగా అలిసిపోతున్నాయి" అంది.

ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. కడుపు ఆపరేషన్‌కు ముందు నేను నూట పద్దెనిమిది కిలోల మనిషిని. ఏ పెళ్లికి వెళ్లినా చుట్టాల కళ్లన్నీ నా విస్తరి మీదే. "దాని నోరు ఆగదు తల్లీ" అని నాకు వినబడేట్టే అనుకునేవాళ్లు. అంత ఆగని నోటికి బలం లేకపోవడం ఏమిటి! అదే అడిగాను. డాక్టరమ్మ నవ్వలేదు. "ఎక్కువ తినడం వేరు, నమిలి తినడం వేరు. మీరు మింగడమే చేసినట్టున్నారు" అంది. తర్వాత పక్కన కూర్చున్న మా ఆయన వైపు తిరిగింది. "ఇంట్లో ఈవిడ ఎలా తింటారండీ? తొందర తొందరగానా, నిదానంగానా?"

ఆయన నెత్తి గోక్కున్నాడు. "తెల్వది మేడం. ఈమె తినంగ నేనెన్నడు సూడలే."

"పెళ్లయి ఎన్నేళ్లయింది?"

"ఇరవై మూడేండ్లు."

మా ఆయన అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. నేను తినడం ఎప్పుడూ చూడలేదన్న సంగతి ఆ క్షణందాకా ఆయనకే తెలియదు, నాకూ తెలియదు.

యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో మాది పాలవాళ్ల ఇల్లు. ముందు ఇల్లు, వెనక ఎనిమిది బర్రెల కొట్టం. తెల్లవారుజామున పాలు పితకడం, ఎనిమిదింటిదాకా గేటు దగ్గర గిరాకీలకు పోయడం. తర్వాత ఇంట్లో అందరికీ తిండి. మధ్యాహ్నం మళ్లీ పితకడం, నాలుగున్నర నుంచి మళ్లీ గేటు. ఈ మధ్యలో నా తిండి. పొయ్యి గట్టు దగ్గర నిలబడి, గిన్నెలో మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని గుటగుటా లోపలికి పంపేదాన్ని. ఒట్టేసి చెబుతున్నాను, ఇన్నేళ్లూ నేను అన్నం తినలేదు, తాగాను. ఓ చెవి ఎప్పుడూ గేటు దగ్గరే ఉండేది. కడుపు నిండిందన్న కబురు నాకు అందేలోపే రెండో గిన్నె అయిపోయేది. గిన్నె గోడలకు అంటిన మీగడ కూడా గోకి తినేదాన్ని, పారేయడానికి మనసొప్పక.

సుగర్ వచ్చింది. మోకాళ్లు పోయాయి. ఓ రోజు కొట్టంలో జారి పడితే ముగ్గురు కలిసి లేపారు. అప్పుడు డాక్టర్లు కడుపు చిన్నది చేసే ఆపరేషన్ అన్నారు. మా అత్తమ్మ ఇల్లు పీకి పందిరేసింది. "మంచిగున్న కడుపును కోపిచ్చుకుంటవా? నోరు కట్టుకుంటే సాలదా?" అంది. "నాకేం గాదు అత్తమ్మా, నువ్వు ఫికర్ చెయ్యకు" అని నేను పెద్ద మొనగత్తెలా చెప్పి వెళ్లాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. మొదట నీళ్లూ జావా, తర్వాత మెత్తగా మెదిపినవి. అన్నీ దిగాయి. గట్టి తిండి మొదలుపెట్టిన రోజు నుంచే నా తిప్పలు మొదలయ్యాయి. సైదాబాద్‌లో మా చెల్లె ఇంట్లో ఒకే ఒక్క మటన్ ముక్క నోట్లో వేసుకుని, అలవాటు ప్రకారం మింగేశాను. అది ఛాతీ మధ్యలో మేకులా దిగబడిపోయింది. నోట్లో ఉమ్మి ఊరిపోయి, కళ్లు తిరిగి, బాత్రూంలోకి పరిగెత్తాను. తర్వాత జొన్నరొట్టె, కోడికూర, చివరికి ఉప్మా కూడా అంతే. ఇంట్లో వాంతి చేసుకునేటప్పుడు నల్లా తిప్పి పెట్టేదాన్ని, అత్తమ్మకు వినబడకుండా. "నేను ముందే సెప్పిన" అనే ఆ మాట వినడం కంటే వాంతులే నయం అనిపించేది.

ఇక తేలికగా దిగేవాటి మీద పడ్డాను. పాలవాళ్ల ఇంట్లో పాలకు కరువా! చక్కెర వేసిన పాలు, చాయ్‌లో నానబెట్టిన బిస్కెట్. నమిలే పనే లేదు. బరువు తగ్గడం ఆగిపోయింది. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడొచ్చేది. బిందె ఎత్తితే చేతులు వణికేవి. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు నా మీద కేకలేసి, ఈ దవడల పరీక్షకు పంపించాడు. నెల గడువిచ్చాడు. అప్పటికీ ముద్ద దిగకపోతే మళ్లీ అడ్మిట్ కావాలి, గొంతులోంచి గొట్టం వేసి చూడాలి అన్నాడు. ఆ గొట్టం మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

డాక్టరమ్మ చెప్పిన వైద్యం వింటే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. దూది చుట్టను పళ్ల మధ్య పెట్టి పది లెక్కపెట్టేదాకా కొరికి పట్టాలి. చెంప మీద వేళ్లు పెట్టుకుని నమలాలి, కండ గట్టిపడుతుందో లేదో చూసుకోవాలి. రెండు పక్కలా నమలాలి. నోట్లో ముద్ద ఉన్నంతసేపూ చెయ్యి పళ్లెంలో ఉండకూడదు. ముద్దకు ముప్పైసార్లు, భోజనానికి అరగంట. మధ్యలో లేవకూడదు.

అరగంట! ఆ ఇంట్లో నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా అరగంట దొరకలేదు.

మొదటి రోజు మా ఆయన నా ఎదురుగా కూర్చుని, ఫోన్లో టైం చూస్తూ "పదకొండు... పన్నెండు..." అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పదమూడుకు నాకు నవ్వు ఆగక పొలమారింది. "నన్నట్ల సూస్తవేంది, అంగట్ల బర్రెను సూసినట్టు! పో, ఉస్మాన్‌గంజ్ పోయి దాణా తెచ్చుకో పో" అని తరిమేశాను. వెళ్లాడు గానీ, గడప దగ్గర ఆగి, "నిజంగనే నేను సూడలే కదనే ఇన్నేండ్లు" అన్నాడు. ఏమైనా అంటే ఏడ్చేసేదాన్ని.

నమలడం ఇంత కష్టమని ఎవరికి చెప్పినా నమ్మరు. పదిసార్లు నమిలేసరికి చెవుల కింద లాగేది. ఇరవైకి దవడలు బండబారిపోయేవి. అంతలో గేటు చప్పుడయ్యేది. నాకు తెలియకుండానే గుటుక్కుమనేది, పావుగంటలో బాత్రూం. గడువులో పన్నెండు రోజులు అలాగే కరిగిపోయాయి. పదమూడో రోజు నల్లా తిప్పడం మర్చిపోయాను.

బయటికి వచ్చేసరికి అత్తమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. "ఎన్ని దినాల సంది?" అంది. అన్నీ చెప్పేశాను, పల్లీల గిన్నెతో సహా. అంతా విని, "నమలనీకె గూడ డాక్టరేందే? మన బర్రెలకు ఎవలు నేర్పిన్రు?" అంది.

ఎక్కడ దాచుకున్నానో అంత కోపం, ఒక్కసారిగా వచ్చేసింది. "బర్రెలు నెమరేస్తుంటే ఎవ్వలు లేపరు అత్తమ్మా. నువ్వే లేపనియ్యవు. నన్ను లేపని రోజు ఒక్కటి సెప్పు!"

అది నిజం. కొట్టంలో బర్రె పడుకుని నెమరేస్తుంటే పక్కన బకెట్ చప్పుడు చేసినా అత్తమ్మ ఊరుకోదు. లేపితే పాలు తగ్గుతాయని ఇంటిల్లిపాదీ పిల్లుల్లా నడవాలి. ఆమె గోడ పట్టుకుని మెల్లగా వెనక్కి తిరిగింది. తన గదిలోకి వెళ్లిపోయింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అంత మాట ఎందుకన్నానా అని నేనూ కుమిలిపోయాను.

మరునాడు పాలు పితికేసరికి నాలుగు దాటింది. అత్తమ్మ నా వెనకే వంటింట్లోకి వచ్చింది. పొద్దుటి జొన్నరొట్టె వెచ్చబెట్టి, అందులో సగం పళ్లెంలో పెట్టింది. పక్కన మెత్తగా ఉడికిన కోడికూర, రెండంటే రెండు ముక్కలు. గోడ పక్కన పీట వాల్చి, "తిను" అంది. గేటు టైం అవుతోందని చెప్పబోయాను. ఆమె అప్పటికే ముందు గదిలోకి వెళ్లిపోయింది.

మొదటి తునక నోట్లో పెట్టుకుని చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను. చెంప మీద వేళ్లు. ఎనిమిది, తొమ్మిది. గేటు మోగింది. "భాభీ, దూద్!" అని పాలకొచ్చినవాళ్ల కేక. పాల క్యాన్ల మోత, ఎవరో పిల్ల ఏడుపు. నా కాళ్లు వాటంతటవే లేవబోయాయి. నోట్లోది మింగేయబోయాను.

ఆగండి, నేనొస్తున్నానంటూ ముందు గదిలోంచి అత్తమ్మ గొంతు వినబడింది. "ఠైరో, ఠైరో. ఆరీ మై."

అత్తమ్మ పాల గరిటె పట్టుకోక పదేళ్లయింది. ఆమె చేతులు వణుకుతాయి, చాయ్ కప్పు కూడా రెండు చేతులతో పట్టుకుంటుంది. తలుపు సందులోంచి నాకు కనబడుతోంది. వంగి, గంగాళంలో గరిటె ముంచి, పైకెత్తింది. సగం పాలు క్యాన్‌లో పడ్డాయి, సగం గచ్చు మీద పడ్డాయి. ఒక్క చుక్క కింద పడితే వేలితో తీసి కళ్లకద్దుకునే మనిషి. నా పెళ్లయిన కొత్తలో చెంబు ఒలకబోశానని మూడు రోజులు నాతో మాట్లాడని మనిషి.

"అమ్మా, దూద్ గిర్‌రా! భాభీ కిధర్ గయీ?" పాలు ఒలికిపోతున్నాయి, వదిన ఎక్కడికి పోయిందని అడిగారు ఎవరో.

"ఖానా ఖారీ" అంది అత్తమ్మ, అన్నం తింటోందని.

నేను పీట మీద నుంచి సగం లేచాను. ఆమె వెనక్కి తిరగలేదు. చప్పుడు విన్నదేమో, "లేవకు" అంది.

కూర్చున్నాను. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, దవడలు పీకుతున్నాయి, అయినా నమిలాను. పంతొమ్మిది, ఇరవై. చెంప మీది వేళ్ల కింద కండ గట్టిగా బిగుసుకుని వదులుతోంది. అత్తమ్మ మళ్లీ గరిటె ముంచింది, మళ్లీ గచ్చు మీద పాలు పడ్డ చప్పుడు. ఇరవై తొమ్మిది. ముప్పై. మింగాను. ఎక్కడా ఆగకుండా దిగింది.

చెయ్యి చాచి రెండో తునక తీసుకున్నాను. గేటు దగ్గర ఇంకా జనం వస్తూనే ఉన్నారు, అత్తమ్మ వాళ్లను ఆపుతూనే ఉంది, పాలు ఒలుకుతూనే ఉన్నాయి. నేను లేవలేదు.