బొంత కుట్టిన అవ్వ

హిందూపురం షెడ్డులో గ్యాస్ వెల్డింగ్ నేర్చుకునే రోజుల్లో, బస్సు తలుపుకు అతికిన పలుచటి రేకును మళ్లీ వంకర చేశాను. ఇంకొకటి పాడుచేస్తే పనికి రావద్దన్నాడు మేస్త్రీ. సెలవుకు ఇంటికి పోయి, తప్పు రేకుదేనని సణుక్కుంటూనే తిరిగి హిందూపురానికి ధర్మవరంలో రైలెక్కాను.

ఎదురుగా ఒక అవ్వ బొంతకు మాసిక వేస్తోంది. ముందు నాలుగు మూలలా ఒక్కో కుట్టు వేసింది. తర్వాత ఈ అంచున కొంచెం, ఆ అంచున కొంచెం.

“ఒక కొస నుంచి కుట్టుకుంటా పోరాదా అవ్వా?” అని నవ్వాను.

“అట్ల పోతే గుడ్డ ముడుసుకుంటాదప్పా. తొందర నీకుండాది గానీ, గుడ్డకు లేదు గదా!”

రేకును నేను ఒక కొస నుంచి ఆపకుండా కాల్చుకుంటూ పోయేవాణ్ణి.

మర్నాడు మూలల్లో చుక్కల్లా చిన్న అతుకులు పెట్టి, చల్లారనిచ్చి, అటు కొంచెం ఇటు కొంచెం అతికాను. చదునుగా నిలిచిన రేకును మేస్త్రీ అరచేత్తో తడిమాడు.

“ఎవరబ్బా నేర్పించింది?”

“పెనుకొండలో దిగిపోయిందన్నా.”