పదకొండుకు లొంగని టికెట్

మా డిపోలో దార్దో పక్కన కూర్చుని మాతే టీ తాగడం కష్టం. వాడి మోకాలు కుదురుగా ఉండదు. బల్ల ఊగుతుంది, మాతే ఒలుకుతుంది. నేను డ్రైవర్ని, వాడు కండక్టరు. పద్నాలుగేళ్లుగా ఒకే బస్సు.

మాంటెవీడియోలో ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే నంబరు టికెట్ వస్తే అదృష్టమని పర్సులో దాచుకుంటారు. దార్దోకి అది చాలదు. చదివింది నాలుగో తరగతే గానీ భాగహారాలంటే పిచ్చి. అది చూసి, రోజూ మా బస్సెక్కే ఎలీదా టీచరు ఒకసారి అంది: "అలాంటి టికెట్టే, కానీ ప్రధాన సంఖ్య కావాలి. ఒకటీ, ఆ సంఖ్యా తప్ప ఇంకేదీ దాన్ని భాగించకూడదు. తేగలవా?"

"ఓస్, ఇంతేనా టీచరమ్మా! తెస్తా." బస్సంతా విన్నది.

తొమ్మిదేళ్లయింది. 134431 దొరికితే శేషం లేకుండా పదకొండుతో పోయింది. 376673 కూడా పదకొండుతోనే. ఈలోగా టీచరు చెప్పింది, శుక్రవారం రిటైరై సాల్తోలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోందని. వాడికిక తిండి సయించలేదు.

మంగళవారం నేను ఊరుకోక అన్నాను: "నీ టికెట్లన్నిటికీ పదకొండే మొగుడు రా!"

వాడు నవ్వలేదు. పెన్ను తీశాడు. ఒక అంకె వదిలి ఒక అంకె కూడాడు, వదిలినవి విడిగా కూడాడు. రెండు మొత్తాలూ సమానం. అలా సమానమైతే పదకొండు ఆ నంబరుని భాగించినట్టే.

"ఆరంకెలు కదరా. ముందున్న ప్రతి అంకెకీ వెనకున్న జత అవతలి లెక్కలో పడుతుంది. ఎప్పుడూ సమానమే. ఎప్పుడూ పదకొండే!" వాడి మొహం పాలిపోయింది.

మర్నాడు టీచరు ఎక్కగానే అడిగాడు: "మీకు ముందే తెలుసా?"

"తెలుసు. వారంలో కనిపెడతావనుకున్నా. తర్వాత నువ్వు రోజూ లెక్కలు చెబుతుంటే చెప్పాలనిపించలేదు, దార్దో. తప్పు నాదే."

ఆ సాయంత్రమే సెర్రో లైనుకు డ్యూటీ మార్పించుకున్నాడు. అక్కడ టికెట్లకి అయిదంకెలే, నడిమి అంకెకి జత ఉండదు. టికెట్ల చుట్ట 98500 దగ్గరుంది. 98589 మూడుతో పోయింది. 98689 మిగిలింది. గురువారమంతా దాన్ని భాగిస్తూనే కూర్చున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆ నంబరు వంతు వచ్చేసరికి చేపలామె చెయ్యి చాపింది. కండక్టరు టికెట్ దాచుకోకూడదు, ప్రయాణికుడికే ఇవ్వాలి. వీడు బస్సాపించి, దిగి, ప్రయాణికుడిలా తోసుకుంటూ మళ్లీ ఎక్కి, ఆమెకంటే ముందు తనకే టికెట్ కొట్టుకున్నాడు.

"నీకేమన్నా మతి పోయిందా నాయనా?" అందట ఆమె.

డ్యూటీ దిగగానే పరుగు. ఇక్కడ టీచరు ఎక్కి కూర్చున్నా, ఆమె స్టాపులోనే నేను బస్సాపి వాడికోసం హారన్ కొడుతూనే ఉన్నాను. వెనక కార్లవాళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు. వాడు చెమటలు కక్కుతూ వచ్చి కిటికీలోంచి టీచరుకి టికెట్ అందించాడు.

"ఎందాకా చూశావు?" అంది టీచరు.

"మూడు వందల పదమూడు దాకా, ప్రధాన సంఖ్యలన్నిటితో. అరవై అయిదు భాగహారాలు."

"అక్కడే ఎందుకాపావు?"

"మూడు వందల పదిహేనుని దాంతోనే గుణిస్తే ఈ నంబరు దాటిపోతుంది. అంతకంటే పెద్దది భాగిస్తే, దాని జత చిన్నదై ఉండాలిగా. చిన్నవాటిలో ఒక్కటీ దొరకలేదు."

టీచరు టికెట్టుని పర్సులో పెట్టలేదు. అరచేతిలోనే పట్టుకుని, పక్క సీటు మీద సంచీ తీసేసింది. వాడు ఎక్కి కూర్చున్నాడు. అద్దంలో చూశాను, మోకాలు ఇంకా ఊగుతూనే ఉంది.