ఎర్రమంజిల్ నుంచి అమీర్‌పేట దాకా: ఒరిగిన బండీ, ఒలికిన సాంబారూ

ఈ బ్లాగులో ఇంతవరకు నేను రాసినవన్నీ దూరాభారపు ప్రయాణాలు. అరకు వెళ్లొచ్చాను, పాపికొండల లాంచీ ఎక్కాను, శ్రీశైలం ఘాట్ రోడ్డులో కడుపులో తిప్పిన సంగతి కూడా దాచుకోకుండా రాశాను. ఈసారి ప్రయాణం రానూ పోనూ కలిపి ఏడెనిమిది కిలోమీటర్లకి మించదు. ఎర్రమంజిల్‌లో బయల్దేరి, పంజాగుట్ట మీదుగా అమీర్‌పేట వెళ్లి, మళ్లీ ఇంటికి చేరాం. పట్టిన సమయం మాత్రం ఏడు గంటలు. సెకండ్ హ్యాండ్‌లో చిన్న ట్రక్కు కొనుక్కుని, దాని కింద కంపెనీవి కాని సామాను ఏదో కనబడితే ఏం చేయాలో తోచక తల పట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల కోసమే ఇది.

నేను కోచింగ్ పిల్లలకి మెస్ నడుపుతాను. వంట ఎర్రమంజిల్‌లో మా ఇంటి వెనక షెడ్డులో, వడ్డన అమీర్‌పేటలో. ఒకప్పుడు బాగానే నడిచింది కానీ సందుకో మెస్ వచ్చాక మా బల్లలు సగం ఖాళీ అయిపోయాయి. అలాంటి సమయంలో మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు వాళ్లు రోజూ రెండొందల మందికి భోజనం పంపగలరా అని అడిగారు. ఆ ధైర్యంతోనే ట్రక్కు కొన్నాను. గురువారం రుచి చూపించడానికి మొదటి భోజనం పంపితే, ఆఫీసు గుమ్మం దగ్గర తలుపు తీసేసరికి సాంబారు సగం గుండిగలో, సగం బండిలో ఉంది. అక్కడి మేనేజర్ మంచి మనిషి. మొహం చిట్లించుకోకుండానే, సోమవారం ఇంకొక్కసారి చూద్దాం మేడమ్, అన్నాడు. ఆ సోమవారం కూడా ఇలాగే అయితే నెలాఖరుకి మెస్ మూసేయడం, నలుగురు వంటవాళ్లకి వేరే చోటు చూసుకోమని చెప్పడం తప్ప నాకు ఇంకో దారి లేదు. శుక్రవారం రాత్రి నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు.

బండికి వచ్చిన జబ్బు కంటికి కనిపిస్తూనే ఉంది. వెనక భాగం ఎడమవైపుకి ఒరిగి ఉంటుంది. గుంటలో పడితే కుడివైపు బంతిలా ఎగురుతుంది, ఎడమవైపు కుంగుతుంది. పంజాగుట్ట వెనక సందులో ఉన్న మెకానిక్ వారం కిందటే ఎడమవైపు కమాను పట్టీ మార్చాడు. మార్చినా ఒరుగుడు అలాగే ఉంది. అందుకే శనివారం పొద్దున ఏడున్నరకి నేనూ, మా డ్రైవర్ యాదగిరీ మళ్లీ అతని దగ్గరికే బయల్దేరాం. ఆ వేళకి వెళ్తే ఎర్రమంజిల్ నుంచి పంజాగుట్టకి పది నిమిషాలు. అదే తొమ్మిది దాటిందా, సిగ్నల్ దగ్గరే పేపరు మొత్తం చదివేయొచ్చు. మెకానిక్ ఈసారి బండి కింద పూర్తిగా దూరి, వెనక ఇరుసుకి అటొకటి ఇటొకటి బిగించిన రెండు రబ్బరు బుడగల్ని మాకు చూపించాడు. కుడివైపుది నిండుగా ఉబ్బి ఉంది, ఎడమవైపుది నీళ్లు తగ్గిన గోంగూర కట్టలా వాడిపోయి ఉంది. రెంటికీ సన్నటి నల్ల గొట్టాలున్నాయి.

“గివి కంపెనీవి కావమ్మా. ఎవరో బయట బిగించుకున్నరు. రెండూ కోసి పారేస్తే ఫికర్ ఉండది” అన్నాడు మెకానిక్. పని అయ్యేది ఎప్పుడంటే సోమవారం సాయంత్రం. నాకు కావలసింది సోమవారం మధ్యాహ్నం. పైగా నాకొక పాడు అలవాటుంది. అదేమిటో తెలియకుండా వస్తువుని పారేయలేను. మా వంటింట్లో మూతలేని డబ్బా, డబ్బాలేని మూత రెండూ ఉంటాయి. ఎవరో డబ్బు పెట్టి బిగించారంటే దానికో పని ఉండి ఉంటుంది కదా అని, ఆర్‌సీ పుస్తకం తీసి చూశాను. పాత యజమాని పేరు సుబ్బారావు, చిరునామా అమీర్‌పేటలో మైత్రీవనం వెనక. బండి బ్రోకర్ ద్వారా కొన్నాం కాబట్టి ఆయన్ని మేం ఎప్పుడూ చూడలేదు. పద యాదగిరీ, వెళ్లి ఆయన్నే అడుగుదాం, అన్నాను.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట రెండు కిలోమీటర్లు. తొమ్మిదిన్నరకి బయల్దేరితే పదింబావు అయింది. మైత్రీవనం దగ్గర ట్రక్కు నిలపడానికి చోటు దొరకదు, ఆశ పెట్టుకోకండి. మా మెస్ ముందు ఆపి నడిచాం. ఆ కాస్త దూరంలోనే నా చేతికి జావా కరపత్రాలు మూడు, ఒరాకిల్‌వి రెండు వచ్చాయి. యాదగిరిని మాత్రం ఒకతను ఆపి, డెమో క్లాసు ఉచితం అన్నా, వచ్చి కూర్చో, అని చేయి పట్టుకున్నాడు. యాదగిరి నిజంగానే ఒక్క క్షణం ఆలోచించాడు. దారిలో టీ తాగాం, నాలుగు రూపాయలు. ఆ టీ బాగుంటుంది కానీ గ్లాసు చిన్నది, రెండు చెప్పుకోవడం మంచిది.

సుబ్బారావు గారు గుంటూరు వైపు మనిషి, యాభై దాటి ఉంటాయి. కోచింగ్ సెంటర్లకి కంప్యూటర్లు అద్దెకిస్తారు. ఆయన గదినిండా టీవీలంత లావు మానిటర్లు గోడకి ఆనించి ఉన్నాయి. బండి నంబరు చెప్పగానే ఆయన మొహం విప్పారింది. “ఏంటండీ, ఆ బెలూన్లు ఇంకా దానికే ఉన్నాయా?” అని కుర్చీ వేయించారు. సంగతి అప్పుడు తెలిసింది. ఈయన రోజూ ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కి మానిటర్లు తిప్పేవారట. మన రోడ్ల మీద నెలకి నాలుగు మానిటర్లైనా పగిలేవట. విసిగిపోయి, బస్సులు బాగుచేసే ఒక మిత్రుడి చేత వెనక గాలి బుడగలు బిగించుకున్నారు. ఆ తర్వాత ఒక్క మానిటర్ కూడా పగల్లేదట. బండి అమ్మేటప్పుడు గాలి కొట్టే చిన్న మోటారు మాత్రం విప్పి ఉంచేసుకున్నారు. అదేం చేస్తున్నారని అడిగితే నవ్వి చూపించారు. సీపీయూల్లో దుమ్ము ఊదడానికి వాడుతున్నారు.

మోటారు లేకపోయినా పర్వాలేదట. వెనక నంబరు ప్లేటు కింద టైరుకి ఉన్నలాంటి నాజిల్ ఒకటుంది, పంక్చర్ షాపులో గాలి కొట్టించుకోవచ్చు. అది చెప్పగానే యాదగిరి తల గోక్కున్నాడు. “అక్కా, బండి కొన్న వారమే నేను దాంట్ల గాలి కొట్టించిన. స్టెప్నీది అనుకున్న. టైర్లకు కొట్టినట్టె కొట్టమన్న” అన్నాడు. ఒరుగుడు మొదలైంది ఆ వారంలోనే. కానీ తప్పు గాలిదంటే సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. నా చేతిలోని జావా కరపత్రం వెనక గీసి చూపించారు. నాజిల్ ఒకటే, అక్కణ్నుంచి గొట్టం రెండుగా చీలుతుంది. “లేస్తే రెండూ లేవాలి, కూర్చుంటే రెండూ కూర్చోవాలి. ఒకటి లేచి ఒకటి పడుకుందంటే మధ్యలో ఎవరో అడ్డం పడ్డారండీ” అన్నారు. గాలి కొంచెమే చాలనీ, ఎక్కువైతే మెత్తదనం పోయి బండి ఎగురుతుందనీ కూడా చెప్పి పంపారు.

పదకొండున్నరకి బండిని అమీర్‌పేటలోనే ఒక పంక్చర్ షాపు ముందు పెట్టాం. దాన్ని నడిపే మల్లేశన్న మాట తక్కువ మనిషి. నాజిల్ నొక్కి గాలంతా వదిలేస్తే కుడివైపు దిగింది. బండి ఎన్నాళ్లకో సమంగా నిలబడింది. మళ్లీ గాలి పెడితే మళ్లీ కుడివైపే లేచింది. సర్ఫ్ నీళ్లు తెచ్చి ఎడమ బుడగ మీద, అతుకుల మీద పోశాడు. ఎక్కడా నురగ పొంగలేదు. “లీకు లేదు. గాలి అసల్ ఇటు వస్తలేదు” అన్నాడు. అప్పుడు నేనే కొంగు బిగించి, రోడ్డు మీద గోనెసంచి పరుచుకుని కూర్చున్నాను. కరపత్రం మీది బొమ్మ చూసుకుంటూ ఎడమ బుడగ దగ్గర గొట్టం పట్టుకుని, వేలితో తడుముతూ వెనక్కి వచ్చాను. ఇరుసు దాటింది, చట్రం దాటింది, బంపర్ కిందికి వచ్చింది. అక్కడ నా వేలికి దారం తగిలింది.

నల్లదారం. దానికి వేలాడుతూ నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు. బండి కొన్న రోజు పూజ చేసి, దిష్టి తగలకూడదని నా చేత్తో నేనే కట్టాను. బంపర్ కింద కట్టడానికి వీలుగా ఏదో కనబడితే, దానికే మూడు చుట్లు చుట్టి, ఊడిపోకుండా పీక నులిమినట్టు బిగించాను. ప్రతి శనివారం ఇంటికొచ్చే నిమ్మకాయల మనిషి దాని మీదే ఇంకో చుట్టు చుడుతూ వచ్చాడు. నేను పీక నొక్కింది ఎడమ గొట్టానిది. సాంబారు ఒలికినందుకు గురువారం నుంచి యాదగిరిని, మెకానిక్‌ని, మున్సిపాలిటీని నేను తిట్టని తిట్టు లేదు.

మల్లేశన్న బ్లేడుతో దారం కోశాడు. నలిగిన గొట్టాన్ని వేళ్లతో గుండ్రంగా నొక్కాడు. బుస్సుమని గాలి పరుగెత్తింది. ఎడమ బుడగ నూనెలో పూరీలా పొంగి లేచింది. మా కళ్ల ముందే బండి నిటారుగా నిలబడింది. నేను రోడ్డు మీదే చప్పట్లు కొట్టాను. అటుగా వెళ్తున్న కోచింగ్ పిల్లలు నలుగురు ఎందుకో తెలియకుండానే నాతో కలిసి కొట్టారు. యాదగిరి నిమ్మకాయ చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, “అక్కా, మనకు దిష్టి పెట్టింది గిదే” అన్నాడు. మల్లేశన్న కూడా నవ్వేశాడు. అతను తీసుకున్నది ఇరవై రూపాయలు.

మెస్‌లో గుండిగకి ముప్పావు వంతు నీళ్లు పోసి, అంచుకి వేలెడు కిందుగా పసుపుతో గీత గీసి బండిలో పెట్టాం. మూత పెట్టలేదు, కావాలనే. నేను వెనకే గుండిగ పక్కన కూర్చున్నాను. పంజాగుట్ట సిగ్నల్ ముందున్న గుంతల్ని యాదగిరి ఒక్కటి కూడా వదల్లేదు. నీళ్లు ఊగాయి, గీత దాకా వచ్చాయి, వెనక్కి తగ్గాయి. రెండున్నరకి ఎర్రమంజిల్‌లో దిగేసరికి నా చీర పొడిగా ఉంది. షెడ్డు దగ్గర ఎదురుచూస్తున్న వంటవాళ్లు నా మొహం చూసే విషయం తెలుసుకున్నారు.

సోమవారం మాదాపూర్‌లో మేనేజర్ స్వయంగా గుండిగ మూత తీశాడు. పైన చల్లిన కొత్తిమీర నేను చల్లినచోటే ఉంది. రుచి చూసి, రేపటి నుంచి రోజూ పంపండి మేడమ్, అన్నాడు. అరకు కొండ మీద కూడా నాకంత గర్వం కలగలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తుంది, ఆ బండికి నెమ్మదిగా మోయడం మొదటి నుంచీ వచ్చు. ఏళ్ల తరబడి గాజు మోసింది. అది మాకు తెలియక, పనికిరాని సామాను అనుకుని కోసి పారేయబోయాం. రెండు కిలోమీటర్లు వెళ్లి ఒక పెద్దమనిషిని అడిగితే తేలిపోయిన సంగతి ఇది. కాబట్టి పాత బండి కొనేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని ఎలాగూ అడుగుతారు, ఇంతకుముందు ఏం మోసిందని కూడా అడగండి. నిమ్మకాయ కట్టుకోండి, తప్పులేదు, నేనిప్పటికీ కడుతున్నాను. కాకపోతే ముడి వేసేముందు దేనికి వేస్తున్నారో ఒక్కసారి వంగి చూసుకోండి.