ఆరు స్లైడ్లలో ఆదెమ్మ ముచ్చట

ఆదెమ్మను ఒక మాట అడిగితే ఒక మాట చెప్పి ఊరుకోదు. మొదటినుంచి చెబుతుంది. మధ్యలో ఇంకొకరు వచ్చి కూర్చుంటే ఆగి, వాళ్లకు చోటిచ్చి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటుంది. వాళ్ల ఊళ్లో నలుగురు కూర్చుని మాట్లాడుకునే పద్ధతే అదట. ఆలస్యంగా వచ్చినవాళ్లకు సగం ముచ్చట చెప్పడమంటే సగం విస్తరి వేసినట్టే లెక్క.

మణుగూరు బస్టాండు దగ్గర నాది చిన్న జిరాక్స్ దుకాణం. మధులత అని నా పేరు బోర్డు మీదే ఉంటుంది. అక్కడ నిమిషానికొకరు లోపలికి వస్తారు. లడ్డూ డబ్బాలకు స్టిక్కర్లు కావాలని ఆదెమ్మ మొదటిసారి వచ్చిన రోజు, వాటి మీద ఏం రాయాలో నాకు తెలిసేసరికి పొద్దు వంగింది. అప్పటికి ఆధార్ కాగితాలు పట్టుకుని నిలబడ్డవాళ్లందరికీ ఇప్పపువ్వు లడ్డూ చేయడం వచ్చేసింది. నాకు ఓపిక తక్కువ. పళ్లు నూరుకున్నాను. కానీ ఆ మనిషి మీద కోపం నిలవదు. పోతూ పోతూ అందరి చేతుల్లో తలా ఒక లడ్డూ పెట్టిపోయింది.

వాళ్లది అడవి లోపలి ఊరు. ఎండాకాలం పొద్దున్నే, రాలిన ఇప్పపువ్వు ఏరుకొచ్చి ఊరి సిమెంటు రోడ్డు మీద ఆరబోస్తారు. ఎండిన పువ్వుతో ఆడవాళ్ల సంఘం లడ్డూలు కడుతుంది. సరిగ్గా ఆరబోసిన వారంలోనే గాలివాన వస్తుంది. తడిసి నల్లబడిన పువ్వు దేనికీ పనికిరాదు. పోయిన ఏడు సగానికి పైగా పాడైంది. ఈసారి కూడా పోతే సంఘం మూసుకోవాల్సిందే. అందుకే పువ్వు ఎండబెట్టుకోవడానికి ఒక షెడ్డు ఇప్పించమని సర్కారు ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకున్నారు.

టైపు చేసింది నేనే. సంఘంలో ప్రతి ఆడమనిషి మాటా అందులో ఉండాలని ఆదెమ్మ పట్టు పట్టింది. అంతా అయ్యేసరికి ఆ దరఖాస్తు తలకింద పెట్టుకుని పడుకునేంత లావు తేలింది. ఇంతలో ఆఫీసు నుంచి కబురొచ్చింది. భద్రాచలంలో మీటింగు, పెద్ద సార్ల ముందు స్లైడ్లు వేసి చెప్పాలి, ఒక్కో సంఘానికి ఆరు స్లైడ్లు, ఐదు నిమిషాలు.

"అత్తా, ఇది కొయ్యాలె," అన్నాను. "వెంకమ్మ మేక ముచ్చటే రెండు పేజీలున్నది. తీసేద్దాం."

"తీసేసినమని వెంకమ్మకు నువ్వు చెప్తవా?"

"పోనీ యశోద అల్లుని సంగతి?"

"ఆయన పువ్వు మీదికెళ్లి లారీ తోలిండు. గది చెప్పకపోతే రోడ్డు మీద ఆరబోస్తే ఏమైతదో సార్లకు ఎట్ల తెలుస్తది?"

సరే అని మొత్తం ఆరు స్లైడ్లలో కుక్కాను. ఆదెమ్మ కంప్యూటరు దగ్గరికి వంగి చూసి, "ఇవి అక్షరాలా, చీమలా?" అంది. చివరికి ఒక ఉపాయం దొరికింది. ఆరో స్లైడు మీద చిన్న కాగితం బొమ్మ పెట్టాను. దాన్ని నొక్కితే దరఖాస్తు మొత్తం తెరుచుకుంటుంది. ఇంత ముచ్చట ఆ గోరంత బొమ్మలో ఉందంటే ఆమె నమ్మలేదు. ఒక్కొక్కరి పేరూ చెప్పి, వాళ్ల మాట ఎక్కడుందో చూపించమని అడిగి, అందరూ ఉన్నారని తేలాకే ఇంటికి పోయింది.

మీటింగులో పెద్ద సారు వెంకటరామారావు గారు. మా వంతు రాగానే ఐదు స్లైడ్లూ గబగబా దాటించి బొమ్మ నొక్కాను. ఆదెమ్మకు చదువు రాదు, కానీ దరఖాస్తంతా నోటికొచ్చు. ఆమె చెబుతుంటే నేను పేజీలు జరపాలి.

ముచ్చట వాన దాకా వచ్చింది. టీ ఇచ్చే అతను లోపలికి వచ్చాడు. "రా నాయనా, కూసో," అని ఆదెమ్మ మళ్లీ పువ్వు రాలడం నుంచి ఎత్తుకుంది. నేను పేజీలు వెనక్కి లాగాను. అతను ట్రే ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. ఈసారి లారీ దాకా వచ్చింది. ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్లిన ఇంజనీరు తిరిగొచ్చాడు. మళ్లీ పువ్వు రాలింది. హాల్లో నవ్వులు మొదలయ్యాయి. ఐదు నిమిషాలు ఎప్పుడో దాటాయి. ఇక షెడ్డు చేజారినట్టేనని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పటిదాకా ఫోను చూసుకుంటున్న వెంకటరామారావు గారు తలెత్తారు. "టైమ్ అయిపోయిందమ్మా. ఇంతకీ మీకు కావలసిందేమిటి?"

ఆదెమ్మ ఆయన వైపు జాలిగా చూసింది. "అయ్యో సారూ, మీరు గిప్పుడే వచ్చిండ్రు గదా."

"పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నానమ్మా."

"కుర్చీల ఉన్నరు. ఫోన్లకెళ్లి గిప్పుడే వచ్చిండ్రు. ఏం కాదు, మొదటికెళ్లి చెప్త."

నేను మౌసు వదిలేసి నేల చూపులు చూశాను. ఆయన ఫోను బల్ల మీద బోర్లించి, టీ అతనితో "ఆ తలుపు వెయ్యి," అన్నారు.

మళ్లీ పువ్వు రాలింది. వాన వచ్చింది. లారీ వచ్చింది. లారీ వెళ్లిపోగానే ఆయన చేయెత్తి, "అర్థమైందమ్మా. మీకు షెడ్డు మంజూరు చేస్తున్నాం," అని కాగితం మీద సంతకం పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లాప్‌టాప్ మూయబోతే ఆదెమ్మ నా చేయి పట్టుకుంది.

"షెడ్డు ఇచ్చిండ్రు, సంతోషం సారూ. ఇంకా వెంకమ్మ మాట రాలే."

"షెడ్డు ఇచ్చేశాం కదమ్మా. ఇంకెందుకు?"

"షెడ్డు ఊరికిచ్చిండ్రు. నేను బస్సు దిగంగనే వెంకమ్మ అడుగుతది, సార్లు నా మాట విన్నరా అని. ఏమని చెప్పాలె?"

ఇన్నేళ్లుగా ఎందరికో స్లైడ్లు చేసిచ్చాను, చెప్పింది ఎవరైనా విన్నారా అని నేను ఏనాడూ ఆలోచించలేదు. వెంకమ్మ మీద నాకు ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు. అయినా మూయబోయిన లాప్‌టాప్ మళ్లీ తెరిచాను.

వెంకటరామారావు గారు పెన్ను కింద పెట్టి కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "చెప్పండమ్మా, వింటున్నాం."

నేను తర్వాతి పేజీకి జరిపాను. ఆదెమ్మ చెంగు సర్దుకుని, అందరూ ఉన్నారా అని హాలంతా ఒకసారి చూసుకుని, వెంకమ్మ మాట చెప్పడం మొదలుపెట్టింది.